మంచుగదిలో వసపిట్ట

ఇంట్లోనూ, చదువుకున్న చోటా అందరూ ఆమెను వసపిట్ట అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టినవాళ్ల తప్పేమీ లేదు. ఆవిడ నిద్రలో కూడా ఎవరితోనో వాదిస్తూ ఉండేది. అలాంటి మనిషి ఏరి కోరి పట్టుకున్న చదువేమో మంచు గురించి. మంచు పడేటప్పుడు దానితోపాటు కాస్త దుమ్మూ పడుతుంది. ఆ దుమ్ములోని ఖనిజాలు వేల ఏళ్లు మంచుగడ్డలో ఇరుక్కుపోయి కూడా మెల్లమెల్లగా మారుతుంటాయి. ఎలా మారతాయన్నదే ఆమె పీహెచ్‌డీ. "రాయికీ మంచుకీ కాపురమండీ అది" అనేది మొగుడితో. "ఇద్దరిలో ఒక్కరూ మాట్లాడరు కాబట్టే అన్నేళ్లు నిలబడింది" అనేవాడతను.

పట్టా వచ్చింది గానీ కొలువు రాలేదు. పట్టా అయ్యాక ఏ ప్రయోగశాలలోనో రెండు మూడేళ్లు చేసే పరిశోధనను పోస్ట్‌డాక్ అంటారు. మంచు, ఖనిజాల రసాయనంలో అలాంటి ఖాళీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కనబడిన ప్రతిదానికీ అర్జీ పెట్టింది. ఇంటర్వ్యూలకు పిలిచారు కూడా. ఒక ప్రశ్న అడిగితే మూడు జవాబులు చెప్పి, అడగని ప్రశ్న తనే వేసుకుని, దానికీ జవాబు చెబుతుండగా సమయం అయిపోయేది. ఇక మిగిలింది తమ ఊళ్లోనే ఉన్న ఒక్క ప్రయోగశాల. అదీ రాకపోతే మంచుకో దండం పెట్టి ట్యూషన్ సెంటర్లో చేరిపోతానని ఇంట్లో చెప్పేసింది. చెప్పి, స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

ఆ ప్రయోగశాల ప్రొఫెసరమ్మకు ఇంటర్వ్యూల మీద నమ్మకం లేదు. "ఒక పూట నాతో చలిగదిలో పనిచెయ్. చేతులు చూస్తే తెలిసిపోతుంది" అంది ఫోన్లో. "ఒకటే నియమం. లోపల మాటలు ఉండవు."

నియమంలో న్యాయం ఉంది. మంచుకొండల్లోంచి తొలిచి తెచ్చి ఆ గదిలో దాచిన మంచులో వాళ్లు వెతికేది చిటికెలో వెయ్యో వంతు కూడా లేని పదార్థం. నోరు తెరిస్తే తుంపర, ఊపిరి తేమ మంచు మీద పడి లెక్కంతా పాడైపోతుంది. పైగా మంచు కోసే రంపం యంత్రం రొదకి అరిచినా వినబడదు.

ఈ సంగతి వినగానే మొగుడు పడీ పడీ నవ్వాడు. "నువ్వు ఒక పూట నోరు మూసుకున్నావంటే, నెలంతా అంట్లు నేనే తోముతా."

అత్తగారు మాత్రం నవ్వలేదు. ఆవిడ బట్టలమిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. అక్కడ మగ్గాల మోతలో ఆడవాళ్లంతా ఏళ్ల తరబడి చేతులతోనే మాట్లాడుకున్నారు. పెళ్లి సంబంధాలూ, సూపర్‌వైజరు మీద తిట్లూ, అన్నీ.

"ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదన్నారు" అంది కోడలితో. "గుండు సంగతి తర్వాత. ముందు ఊరుకోవడం నేర్పిస్తా, రా."

అలా ఇల్లు మిల్లైపోయింది. నోటికి గుడ్డ కట్టుకుని కోడలు, ఎదురుగా అత్తగారు. దారం తెగిందంటే ఒక సైగ, ఎవరో వస్తున్నారంటే ఒకటి. పాలు పొంగుతున్నాయంటే రెండు అరచేతులూ కిందనుంచి గబగబా పైకి లేపి కళ్లు పెద్దవి చేయాలి. అది మిల్లుది కాదు, అత్తగారి సొంత కల్పన. మొదట్లో కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది. చెప్పాలనుకున్న మాట గొంతులోనే ఉండిపోతే కడుపుబ్బరంగా ఉండేది. పోనుపోను సరదా పుట్టింది. చేతులతో కూడా గుక్క తిప్పుకోకుండా మాట్లాడవచ్చని కనిపెట్టింది మరి!

ఆ రోజు రానే వచ్చింది. బొంతల్లాంటి కోటు, మాస్కు, చెవులకు మూతలు. ప్రొఫెసరమ్మ పొడవాటి మంచుదిమ్మను రంపం వైపు నెడుతోంది, వసపిట్ట రెండో కొస పట్టుకుంది. దీపం వెలుతురు దిమ్మలోంచి ఇటువైపుకు వస్తోంది. ఆ వెలుతురులో ఆమెకు కనబడింది, దారమంత సన్నని బూడిదరంగు చార. ఎప్పుడో ఏ అగ్నిపర్వతమో చిమ్మిన బూడిద, మంచు వయసు చెప్పే ఆనవాలు! ఇన్నేళ్లూ ఫోటోల్లో తప్ప చూడనిది. ప్రొఫెసరమ్మ నిలబడ్డ చోటికి అది కనబడదు. రంపం పళ్లు సరిగ్గా దాని మీదికే వస్తున్నాయి.

గొంతులో మాటలన్నీ ఒకదాన్నొకటి తోసుకొచ్చాయి. నోరు తెరిస్తే కొలువు పోతుంది, తెరవకపోతే చార పోతుంది. ఆలోచించే వ్యవధి లేదు. దిమ్మను పొట్టతో ఆనించి పట్టి, రెండు చేతులూ గబగబా పైకి లేపి కళ్లు పెద్దవి చేసింది.

ప్రొఫెసరమ్మ చెయ్యి స్విచ్ మీద పడింది. రంపం ఆగింది.

వసపిట్ట వేలితో చూపించింది. ప్రొఫెసరమ్మ అటునుంచి ఇటు వచ్చి, వంగి, చాలాసేపు చూసింది. తర్వాత ఇద్దరూ దిమ్మను తిప్పి, చారకు దెబ్బ తగలకుండా పక్కనుంచి కోశారు.

బయటి వెచ్చని గదిలోకి వచ్చి మాస్కు తీస్తూ ప్రొఫెసరమ్మ నవ్వింది. "పొయ్యి మీద పాలు గుర్తొచ్చి గుండె గుభేలుమంది తల్లీ! ఆ చార గనక పొడైపోయుంటే నన్ను నేను క్షమించుకునేదాన్ని కాదు. వచ్చే నెల చేరతావా?"

వసపిట్ట నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్లీ తెరిచింది. ఊహూఁ.

"అర్జీలో బాగా మాట్లాడగలనని రాశావే!" అందావిడ. వసపిట్ట తల మాత్రం ఊపింది, ఊపుతూనే ఉంది.

బస్సులో కూడా నోరు పెగల్లేదు. తలుపు తీసిన అత్తగారు ఆ మొహం చూసి, ఆ మౌనం చూసి, పని కాలేదనుకుంది. "పోతే పోయిందిలే. వాళ్లకే అదృష్టం లేదు. లోపలికి రా, ముందు కాస్త..."

కోడలు రెండు చేతులూ పైకి లేపింది.

"అయ్యో, పాలు!" అంటూ అత్తగారు వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యి చల్లగా ఉంది. పాలగిన్నె బోర్లించి ఉంది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో కోడలు ఇంకా చేతులు ఎత్తే ఉంది, కళ్లనిండా నీళ్లు, మొహమంతా నవ్వు.

అత్తగారికి అప్పుడు అర్థమైంది. హాల్లోంచి వచ్చిన కొడుక్కీ అర్థమైంది కాబోలు, తల గోక్కుంటూ సింకు దగ్గర అంట్ల వైపు చూశాడు.

అత్తగారు కోడలి చేతులు రెండూ పట్టుకుని కిందికి దించింది. "ఇంక చాలమ్మా" అంది. "మాట్లాడవే తల్లీ. నీ నోరు మూయించిన దగ్గర్నుంచీ ఈ ఇల్లు ఇల్లులా లేదు."