గ్లాసు వెంటబెట్టుకుని అవనిగడ్డకు

నాలుక పక్కన లేచిన రాచపుండుకు మద్రాసు ఆసుపత్రిలో కిరణాలు పెట్టారు. మనవాళ్ళు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. పుండు పోయింది గాని నోరంతా పచ్చి పుండయింది. ఆ తరువాత నేను చేసిన మొదటి ప్రయాణం ఇది. అవనిగడ్డ దగ్గర పల్లెలో ఉన్న మా అక్క, కోత పండుగకు వచ్చి ప్రభు బల్లలో పాలుపుచ్చుకోమని కబురు పెట్టింది. ప్రభు బల్ల అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం; ఆ గుడిలో రసం అందరూ ఒకే గిన్నెలో తాగుతారు. నా భయమంతా అదే.

గుడివాడలో పొద్దున్నే బందరు ప్యాసింజరు ఎక్కాను. సంచిలో ఫ్లాస్కు నిండా చల్లార్చిన గంజి, పుక్కిలించడానికి ఉప్పూ వంటసోడా కలిపిన నీళ్ళు, నా సొంత గ్లాసు. నాబోటి వాళ్ళు ఈ మూడూ మరవకూడదు. గుడ్లవల్లేరు దాటాక ఎదుటి సీటు పెద్దాయన ఆకూవక్కా అందించాడు.

"వద్దండీ, నోటికి కరెంటు పెట్టారు," అన్నాను.

"రాచపుండా?" అంటూ తన మరచెంబును నా పక్కనుంచి తీసి కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. అది అంటుకునేది కాదని డాక్టరు నాకు చెప్పాడు. రైలంతటికీ ఎవరు చెప్తారు? ఒళ్ళు మండింది, కానీ కోప్పడటానికి నోరు లేదు.

బందరు బస్టాండు హోటల్లో ఇడ్లీ పాలలో నానబెట్టుకుని తిన్నాను. పంచదార వేసినా పాలు నా నోటికి సున్నపు నీళ్ళలాగే ఉన్నాయి. "కారప్పొడి వెయ్యనాండీ?" అని సర్వరు రెండుసార్లు అడిగాడు. కారం లేకుండా మనిషి బతుకుతాడంటే మనవైపు ఎవరూ నమ్మరు. చల్లపల్లి, పులిగడ్డ మీదుగా బస్సంతా దుమ్ము. పగిలిన పెదవులకు వెన్న రాసుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి అవనిగడ్డలో దిగితే బావ బండి కట్టుకుని వచ్చాడు.

అక్క పాలన్నం మెత్తగా పిసికి పెట్టింది. "తినరా, ఉప్పు కూడా వెయ్యలేదు," అంటూ నేను మింగినప్పుడల్లా తన గొంతు పట్టుకుంది.

మర్నాడు ఆదివారం. ముందు మగవాళ్ళు, తరువాత ఆడవాళ్ళు బల్ల ముందు మోకరించి పుచ్చుకోవడం ఆ గుడి పద్ధతి. నేను మగవాళ్ళతో లేవలేదు. ఆడవాళ్ళు కూడా చాపల మీదికి వచ్చేశాక ఒక్కణ్ణే వెళ్ళాను. నా తరువాత ఆ గిన్నె ఎవరూ ముట్టుకోరు కదా, అదే ధైర్యం. పాస్టరయ్యగారు పెట్టిన రొట్టె ముక్క తడి లేని అంగిట్లో అతుక్కుపోయింది. రసం తగలగానే నోరు భగ్గుమంది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

పక్కన ఎవరో మోకరించారు. చూస్తే అక్క. ఆడవాళ్ళతో వెళ్ళకుండా ఆగిపోయిందని నేను గమనించనేలేదు.

"అయ్యగారూ, నేనింకా పుచ్చుకోలేదండీ," అంది.

అయ్యగారు అలవాటు ప్రకారం గిన్నె అంచు గుడ్డతో తుడవబోయారు.

"తుడవకండి," అంది అక్క.

నేను తాగిన అంచు దగ్గరే పెదవి ఆనించి తాగింది. నేను తల ఎత్తలేక ఏడ్చాను.

సోమవారం తిరుగు ప్రయాణం. పొద్దున అక్క నా గ్లాసు కడిగి తన గ్లాసులతో కలిపి బోర్లించడం చూశాను. దాన్ని అక్కడే వదిలేసి బయల్దేరాను. బందరు స్టేషనులో పాలు కొట్టు గ్లాసులోనే తాగాను. రుచి ఇంకా తెలియలేదు, మంట మాత్రం కొంచెం తగ్గినట్టుంది. ఈ దారిన వచ్చే నాబోటి వాళ్ళకు చెప్పేదొకటే. గంజి, సోడా నీళ్ళు మరవకండి. గ్లాసు అక్కర్లేదు.