పాకాల అవ్వ చెప్పులు

మొన్న మా విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం, ఇంజనీరింగు, వైద్యం వాళ్లు కలిసి పనిచేసే కొత్త పరిశోధన భవనం ప్రారంభానికి పిలిస్తే, తిరుపతి ఎండలో గొడుగు వేసుకుని వెళ్లాను. ఒకే కప్పు కింద ఆ మూడింటినీ చూసేసరికి, వాటి మధ్య చెమటలు కక్కుతూ సైకిలు మీద తిరిగిన రోజులు గుర్తొచ్చాయి.

అప్పుడు నేను జంతుశాస్త్రంలో కొత్తగా చేరిన పరిశోధకురాలిని. ఎలుకల చర్మం మీద గాయాలు ఎలా మానతాయో చూడటం నా పని. ఆస్పత్రిలో డాక్టరుగా ఉన్న మా పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, ఒకరోజు నన్ను తీసుకెళ్లి, పాకాల నుంచి వచ్చిన ఒక అవ్వ పాదం చూపించింది. చక్కెర జబ్బుతో స్పర్శ పోయిన ఆ అరికాల్లో పుండు మానడం లేదు. ఇలాగే ఉంటే కాలు తీసేయాల్సి వస్తుందని అక్క దిగులు. నడిచిన ప్రతిసారీ బరువంతా అక్కడే పడుతుంటే కొత్త చర్మం ఎలా పుడుతుందని నాకు తోచింది. ఆ బరువును పక్కలకు మళ్లించే ఉపాయం కోసం ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే మా బావను పట్టుకున్నాము.

ఆయన అవ్వ పాదం అచ్చు తీసి, మెత్తని రబ్బరు పొరలు కోసి, అతికించి, మళ్లీ ఊడదీసి, చివరికొక జత చెప్పులు తయారుచేశాడు. నల్లగా, ఎత్తుగా ఉన్న వాటిని చూడగానే అవ్వ మొహం తిప్పుకుంది.

"ఇవేసుకుంటే నాకేదో పెద్దరోగమొచ్చిందని ఊరంతా నా కాళ్లే సూస్తాది. కాలు పోతే పోనీ, నేనేసుకోను."

అక్కకు కోపం వచ్చింది. బావ మాత్రం స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"సరే అవ్వా, ఎట్లాటివైతే ఏసుకుంటావో నువ్వే సెప్పు."

అవ్వ మా అక్క కాళ్లకున్న ఎర్ర పట్టీల చెప్పుల వైపు చూసి, "అట్లాటివి" అంది, కాస్త సిగ్గుపడుతూ.

అడుగు రబ్బరు మార్చకుండా పైన ఎర్ర పట్టీలు కుట్టించడానికి బావ బజారంతా తిరిగాడు. వానలు మొదలయ్యేనాటికి పుండు పూడింది. అక్క ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, మానిన చోటును మళ్లీ మళ్లీ తడిమి చూసుకోవడం ఇంకా నా కళ్లముందే ఉంది. తర్వాత ఒకనాడు అవ్వ మామూలు హవాయి చెప్పులతో ఆస్పత్రికి వచ్చింది. మొక్కు తీర్చుకోవడానికి కాణిపాకం పోతే, గుడి బయట విడిచిన ఎర్ర పట్టీల చెప్పుల్ని ఎవరో ఎత్తుకుపోయారట.

"అంత బాగుండాయి మరి," అంది, ఏడవాలో గర్వపడాలో తెలియని మొహంతో.

అక్క పాదం తిప్పి చూసి, బాగానే ఉందన్నాక, ముగ్గురం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, ఆ సాయంత్రమే ఇంకో జతకు రబ్బరు కోయడం మొదలుపెట్టాము.

కొత్త భవనంలో ఒక అమ్మాయి తెర మీద ఎవరిదో పాదం చూపించింది. ఎక్కడెంత బరువు పడుతుందో రంగుల్లో కనిపిస్తోంది. మేము వారాల తరబడి తడుముకున్నది క్షణంలో తేలిపోతున్నందుకు నిజంగానే సంతోషించాను. ఈ పాదం ఎవరిదమ్మా అని అడిగితే, పేర్లు మాకు చెప్పరు మేడమ్ అంది. రోగుల మంచికే పెట్టిన నియమం, కాదనను. కానీ ఆ రోజుల్లో మాకు పాదంతోపాటు మనిషి అలక కూడా తెలిసేది. ఈ మాట చెప్పుకోవడానికి అక్కా, బావా ఇద్దరూ ఇప్పుడు లేరు. భోజనానికి ఉండమని ఆ అమ్మాయి ఎంత చెప్పినా వినకుండా, నెమ్మదిగా గేటు వైపు నడిచాను.