గజాలా పెట్టిన డెమో క్లాసు

అమీర్‌పేట మెట్రో మెట్ల కింద గజాలా చేతికి చిక్కకుండా పోయినవాడు లేడు. కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పంచడం ఆమె పని. మొహం తిప్పుకొని పోయేవాడి సంచిలో కూడా ఒకటి కుక్కి పంపే ఘటికురాలు. ఫీజు కట్టేముందు ఒకరోజు ఉచితంగా డెమో క్లాసులో కూర్చోబెట్టడం అక్కడి ఆనవాయితీ.

అలాంటి మనిషి పంజగుట్టలోని ఒక సర్కారు ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి ఒట్టి చేతులతో వచ్చింది. కూతురు ఉమైరా చదివే ఆడపిల్లల బడిలో నీళ్లు లేక బాత్రూమ్‌కి తాళం పడింది. టీచర్లు ఎదురింటివాళ్లను బతిమాలుకుంటారు. పిల్లలేమో పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టరు. ఉమైరాకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే డాక్టరమ్మ తిట్టింది గజాలానే. ఇంకోసారి వస్తే బడి మాన్పించాల్సిందేనని ఇంట్లో తేల్చేశారు.

"ఫండ్స్ లేవమ్మా. వచ్చాక చూద్దాం." బడుల మరమ్మతులు చూసే ఇంజినీరు వీర్రాజుగారిది ప్రతిసారీ ఇదే మాట.

అయిదోసారి గజాలా అర్జీ పట్టుకెళ్లలేదు, కరపత్రం పట్టుకెళ్లింది. 'ఉచిత డెమో! సర్కారు బడి, పది నుంచి నాలుగు వరకు. ముఖ్య అతిథి వీర్రాజుగారు.' పేరు పెద్దక్షరాల్లో చూసుకొని పెద్దమనిషి మురిసిపోయాడు. చెప్పిన రోజుకి ఇస్త్రీ చొక్కాతో దిగాడు.

టీచర్లతో ముందే మాట్లాడుకున్న గజాలా ఆయన్ను ఉమైరా పక్క బెంచీ మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. వెంటనే షర్బత్. ఆపైన పుచ్చకాయ ముక్కలు. మళ్లీ షర్బత్.

"చాలమ్మా, ఇంక వద్దు."

"అట్లంటే ఎట్ల సార్? మెహమాన్ వద్దంటే మాకు మస్తు బాధైతది. జర తాగుండ్రి."

అతిథిగా వచ్చి గ్లాసు వెనక్కి నెట్టే ధైర్యం పాపం ఆయనకెక్కడిది? లెక్కల పీరియడ్ సగంలో కాళ్లు ఊపడం మొదలుపెట్టాడు. సైన్సు పీరియడ్‌కి చెమటలు పట్టాయి. చివరికి ఉమైరా వైపు వంగి గుసగుసగా అడిగాడు.

"పాపా, బాత్రూమ్ ఎక్కడ?"

"తాళమేసిండ్రు సార్. నాలుగింటి దాకా ఆగాలె."

"మరి మీరంతా ఎలా ఆగుతున్నారు?"

"మేం నీళ్లు తాగం సార్."

ఆయన ఆ పిల్ల మొహం వంక ఒక్క క్షణం చూశాడు. అంతకుమించి చూసే ఓపిక లేక గేటు దాటి ఎదురుగా ఉన్న హోటల్లోకి పరుగు తీశాడు. క్లాసంతా ఘొల్లుమంది. గజాలాకు మాత్రం నవ్వు రాలేదు. ఆటపట్టించి, ఉన్న ఒక్క దారీ మూసేసుకున్నానా అనుకుంటూ గేటు వైపే చూస్తూ నిలబడింది.

పావుగంటకి ఆయన తిరిగొచ్చి అదే బెంచీ మీద కూర్చున్నాడు.

"ఏంటమ్మా అలా చూస్తారు? అర్జీ ఇంకోటి రాసివ్వండి. పాతవి ఎక్కడ పెట్టానో నాకే తెలీదు."

రాసిచ్చిన కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నా పైన ఇంకో ముగ్గురు సంతకం పెట్టాలి. సోమవారం ముగ్గుర్నీ ఇక్కడికే తీసుకొస్తాను. షర్బత్ కాస్త ఎక్కువ కలపండి," అని లేచి, గొంతు తగ్గించి అన్నాడు, "ఆ హోటల్ వైపు గేటుకి మాత్రం తాళం వేయించండి."