రిలే ఒప్పుకోలేదు

అనుమానం పెనుభూతమంటారు. సునామీ తర్వాత ఆ భూతం మా ఇంట్లో కాపురమే పెట్టింది. మా నాన్న మొదటినుంచీ ఎవరినీ నమ్మడు. నీళ్ళు తగ్గాయని రేడియో చెబితే, కొండ దిగి కళ్ళారా చూసి వచ్చేవాడు. నాకూ ఆ గుణమే వచ్చింది.

మా దీవుల్లోని హట్‌బే దగ్గర ఆ పొద్దున చేపల వేటకి వెళ్ళిన మా చిన్నాన్న తిరిగి రాలేదు. పిన్ని డెలానీపూర్‌లోని మా ఇంటికి వచ్చేసింది. రోజూ బొట్టు పెట్టుకుని వాకిట్లో కూర్చునేది. పరామర్శకి వచ్చినవాళ్ళు, ఇంకెన్నాళ్ళు పెట్టుకుంటావన్నట్టు ఆ బొట్టు వంకే చూసేవారు. నాకు ఒళ్ళు మండేది.

అప్పుడు విశాఖ నుంచి మా పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. షిప్పులో తెచ్చిన గాయాలవాళ్ళలో మాట పడిపోయిన మనిషి ఒకడు అక్కడి ఆసుపత్రిలో ఉన్నాడట. చిన్నాన్న వయసేనట. అన్నయ్య చిన్నాన్నని చూసింది ఎప్పుడో పసితనంలో. అందుకని ఫొటో పంపమన్నాడు. ఫోన్లో మాట వెళ్తుంది గానీ మొహం వెళ్ళదు కదా. పోస్టు ఎప్పటికి చేరుతుందో దేవుడికే తెలియాలి.

మా హార్డ్‌వేర్ షాపులో కంప్యూటర్ ఉంది. అంతకుముందోసారి వచ్చినప్పుడు అన్నయ్యే తన కంపెనీ పేరుమీద నాకొక ఈమెయిల్ అడ్రసు పెట్టి వెళ్ళాడు. ఫొటోని స్టూడియోలో స్కాన్ చేయించి, ఫ్లాపీలో తెచ్చి, టెలిఫోన్ తీగ మోడెంకి తగిలించాను. అది కీచుమని, గురగురమని, ఎలాగో కలిసింది. అన్నయ్య రాసినవి చక్కగా దిగేవి. నాది మాత్రం వెళ్ళేది కాదు. ప్రతిసారీ తెరమీద ఒకటే మాట, రిలేయింగ్ డినైడ్.

"ఏటే అది?" అన్నాడు నాన్న.

"రిలే ఒప్పుకోరట."

మా వాళ్ళకి రిలే అంటే ఒకటే, రిలే నిరాహార దీక్ష. టెంటు, దండలు, పూటకో బ్యాచి. టెలిఫోన్ ఎక్స్ఛేంజి వాళ్ళు దీక్షకి కూర్చున్నారని నాన్న తేల్చేశాడు. ఊళ్ళో కొంపలు మునిగి జనం ఏడుస్తుంటే వీళ్ళకి ఇప్పుడే దొరికిందా అని తిట్టుకుంటూ టెంటు వెతకడానికి వెళ్ళాడు. టెంటు లేదు. దాంతో అనుమానం అన్నయ్య మీదికి మళ్ళింది. వాడికి వెతికే ఓపిక లేక, ఫొటో రాలేదని బొంకుతున్నాడన్నాడు నాన్న. అటు అన్నయ్యేమో, సొంత తమ్ముడి ఫొటో పంపడానికి ఆయనకి చేతులు రావట్లేదా అని ఫోన్లో నామీద అరిచాడు. నాకైతే ఇద్దరిమీదా అనుమానమే.

చివరికి నన్ను వెంటబెట్టుకుని నాన్న ఎక్స్ఛేంజి లోపలికే వెళ్ళాడు. "భయ్యా, హడ్తాల్ కిధర్ హై?" అని, సమ్మె ఎక్కడో చూపించమన్నట్టు నిలదీశాడు. అక్కడి ఉద్యోగికి నవ్వొచ్చింది గానీ, నా మొహం చూసి ఆపుకున్నాడు. లైను మాది, మీరేమో విశాఖ కంపెనీ సర్వర్‌ని పంపమంటున్నారు, బయటి లైనులో వచ్చినవాళ్ళని అది దొంగలనుకుంటుంది, పంపేచోట మా సర్వర్ పేరు పెట్టండి అని హిందీలో చెప్పాడు.

"దానికీ మనమీద నమ్మకం లేదన్నమాట," అన్నాడు నాన్న దారిలో. ఆ మాటలో కాస్త గౌరవం కూడా వినిపించింది.

పేరు మార్చాను. ఫొటో ఈడ్చుకుంటూ, ఈడ్చుకుంటూ వెళ్ళింది. మర్నాడు జవాబు దిగింది. ఫొటో పట్టుకెళ్ళి పక్కన పెట్టి చూశాను, అతను మన చిన్నాన్న కాదు అని రాశాడు అన్నయ్య. నాన్న ఆ ముక్క నాతో మళ్ళీ చదివించుకున్నాడు.

ఇంతలో పిన్ని వచ్చి షాపు గుమ్మంలో నిలబడింది.

"ఫొటో ఎల్లిందేటి బావా?"

జీవితమంతా ఎదుటివాళ్ళ అబద్ధాలు వెతికిన మా నాన్న, తెరమీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "లేదమ్మా. ఇంకా ఆ రిలేయే. ఒప్పుకోడం లేదు."

పిన్నికి చదువు రాదు. అయినా తెరకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. నేను కళ్ళు తుడుచుకోవడం అప్పటికే ఆలస్యమైంది.

"పోన్లే బావా," అంది. "నానూ ఒప్పుకోను."

వెళ్ళి వాకిట్లో తన చోట కూర్చుంది.