రెండో సగం

బడిలో ఉన్నన్నాళ్ళూ పుస్తకం కనబడితే చాలు, ఆ పిల్లకు ఆవలింత ముంచుకొచ్చేది. పాఠం చదవమని లేపితే మొదటి వాక్యంలోనే తడబడి, మిగతా గంటంతా గోడవైపు తిరిగి నిలబడేది. టీచరు పెట్టిన ‘మొద్దమ్మ’ అనే పేరు ఇంటిదాకా వచ్చి స్థిరపడిపోయింది. పదో తరగతి తప్పాక పిన్ని తను పనిచేసే కాగితం మిల్లుకు తీసుకెళ్ళి, “పుస్తకాలంటే గిట్టదన్నావుగా, కసితీరా చింపుకో” అంది.

పని నిజంగా అదే. ఎవరికీ అక్కర్లేని పుస్తకాలు లారీల్లో వచ్చేవి. అట్ట ఊడబీకితే పేరున్న మొదటి కాగితాలు కూడా దాంతోపాటే వచ్చేస్తాయి. అది ఎడమవైపు గుట్టలోకి. తర్వాత పుస్తకాన్ని వెన్ను మధ్యకు విరవాలి. కుడిచేతిలోని వెనక సగం ముందుగా బెల్టు మీదికి, దాని వెంటే ముందు సగం. బెల్టు చివర నీళ్ళ తొట్టి. అందులో పడ్డది చిటికెలో గుజ్జు.

రెండేళ్ళు అలాగే చింపింది. ఒకరోజు అన్నం డబ్బా కింద వేసుకోవడానికి ఒక ముందు సగాన్ని పక్కన పెట్టుకుంది. తింటూ తింటూ చూపు అటు పోయింది. గడియారాలు బాగుచేసే ఒకావిడకు ఉత్తరం వస్తుంది. ఆవిడ విప్పకుండా గూట్లో పెడుతుంది. ఎందుకు విప్పదా అని మొద్దమ్మ పేజీ తిప్పింది. తనంతట తాను తిప్పిన మొదటి పేజీ అది. గేటు దగ్గర సంచీలు వెతుకుతారు గనుక ఆ సగాన్ని టీ గ్లాసుల అర వెనక దాచి, పెదవులు కదుపుతూ పద్దెనిమిది మధ్యాహ్నాలు చదివింది. నూట పన్నెండో పేజీలో ఆవిడ కవరు అంచు చింపబోతుంది. అక్కడే వెన్ను విరిగింది.

ఆ ఉత్తరంలో ఏముందో తెలియక మొద్దమ్మకు అన్నం సయించలేదు. ఆదివారం ఊళ్ళోని లైబ్రరీకి వెళ్ళింది.

“పుస్తకం పేరేంటమ్మా?” అంది లైబ్రరీ ఆవిడ.

“తెలీదండీ. అట్ట లేదు.”

“పోనీ, రాసిందెవరు?”

“అదీ అట్టతోనే పోయిందండీ.”

ఆవిడ కళ్ళజోడు తీసి ఈ పిల్లను ఎగాదిగా చూసింది. “అయితే మొదటి బీరువానుంచి వరసగా చూసుకుంటూ పో. దొరికితే నాకూ చెప్పు.”

వెతకడానికని తెరిచిన పుస్తకాన్ని మూయబుద్ధయ్యేది కాదు. నాలుగేళ్ళలో మూడు బీరువాలు చదివేసింది. నాలుగో బీరువా సగంలో ఉండగా లైబ్రరీకి తాళం పడింది. భవనం కూలగొడతారట.

పుస్తకాలేమయ్యాయో కనుక్కోవడానికి ఆమె ఎక్కడికీ వెళ్ళనక్కర్లేకపోయింది. మంగళవారం పొద్దున్నే లారీలో అవే వచ్చి దిగాయి.

“అన్నా, ఒక్కరోజు ఆపు. ఇందులో నా పుస్తకం ఒకటుంది” అని మేస్త్రీని బతిమాలింది.

“ఎనిమిది వేలున్నాయి తల్లీ. సాయంత్రానికి చోటు ఖాళీ కావాలి. చింపుతూనే వెతుక్కో, ఎవరొద్దన్నారు?”

ప్రతి పుస్తకాన్నీ తెరిచి మొదటి వాక్యం చూసి మరీ చింపడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి కళ్ళు అలిసిపోయాయి. చేతులు మాత్రం అలిసిపోలేదు. ఆరేళ్ళ అలవాటున్న చేతులవి. అట్ట ఎడమకు పడింది, వెన్ను విరిగింది, కుడిచేతిలోది బెల్టు మీదికి వెళ్ళింది. ఎడమచేతిలో మిగిలిన సగంలో గడియారాలావిడ ఉత్తరం అందుకోవడానికి తలుపు తీస్తోంది.

బెల్టు పక్కనే పరిగెత్తింది. వెళ్ళేసరికి తొట్టిలో తెల్లటి నురగ తిరుగుతోంది.

వెనక్కి వచ్చి గుట్టలోంచి అట్ట తీసింది. మాసిన పసుపు అట్ట. పేరు రెండుసార్లు చదువుకుంది. కింద అచ్చేసిన సంస్థ పేరుంది. ఆ సంస్థ మూతపడిందనీ, మిగిలిన సరుకంతా ఇక్కడికే పంపేశారనీ తను పనిలో చేరిన కొత్తలో అనుకున్నారు. ఆ లారీలను దించి చింపినవాళ్ళలో తనూ ఉంది.

పిన్నికి చదువు రాదు. ఆమెకు ఏ లారీ అయినా ఒకటే. “పోన్లేవే, పేరు తెలిసిందిగా. లైబ్రరీలో అడిగితే ఇట్టే తీసిస్తారు” అంది.

“ఇదే పిన్నీ, లైబ్రరీ.”

పిన్ని చేతిలోని పుస్తకం ఒక్క క్షణం ఆగింది. బెల్టు ఖాళీగా తిరుగుతోందని మేస్త్రీ కేకేశాడు. మొద్దమ్మ పసుపు అట్టను ఎడమవైపు గుట్టలో పెట్టి, ఇంకో పుస్తకం అందుకుంది.