లెక్కలు లేకపోతే చేర్చుకోరు

ఒక్క మాట. నోరు జారిన మాట కాదు. బస్సులో దారి పొడవునా మనసులో అనుకుని, సరిచూసుకుని, ఇంటికొచ్చి చెప్పిన మాట. ఆ సాయంత్రం నుంచి అది నా గుండెల మీదే ఉంది. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, తల నెరిసింది. అది మాత్రం కదల్లేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పద్మ మా చిన్నాయన కూతురు. నాకన్నా కొన్ని నెలలు చిన్నది. హోసూరు పక్కన బాగలూరు దగ్గర మావి పక్కపక్క ఇళ్లు, పక్కపక్క పూలతోటలు. చిన్నప్పటినుంచి మా ఇద్దరినీ కలిపే పిలిచేవాళ్లు, కలిపే చూసేవాళ్లు. కలిపి చూసినప్పుడల్లా నేనే తక్కువ. చదువులో, మాటలో, చివరికి పూలు కోయడంలో కూడా. "పద్మను చూసి నేర్చుకో" అని మా అమ్మ రోజూ అనేది. అందులో ఎవరి తప్పూ లేదు, పద్మ తప్పు అసలే లేదు. కానీ నాకు ఊపిరాడేది కాదు.

ఎకనామిక్స్ చదవాలన్న కోరిక ఆమెది. తోట నిండా చామంతి పూసిన రోజే హోసూరు మార్కెట్లో ధర ఎందుకు పడిపోతుందని చిన్నాయనను వేధించేది. దానికో చదువుందని ప్లస్ టూలో వాళ్ల టీచరు చెప్పింది. అప్పటినుంచి కృష్ణగిరి కాలేజీలో బీఏ ఎకనామిక్స్ తప్ప ఆమెకు వేరే ధ్యాస లేదు. నాకు ఏ కోరికా లేదు. ఆమె అంది కాబట్టి నేనూ అదే అన్నాను. తేడా ఒక్కటే. ప్లస్ టూలో నాది లెక్కలున్న గ్రూపు, ఆమెది చరిత్ర, కామర్స్ ఉన్న గ్రూపు.

తొంభైల మొదట్లో సంగతి. చేరాలంటే ఏమేం కావాలో కనుక్కోవడానికి మా నాన్న, నేను కృష్ణగిరి వెళ్లాం. పద్మ వాళ్లకు ఆ రోజు పూల కోత, రాలేకపోయింది. నాన్న గేటు దగ్గరే ఆగిపోయారు. లోపల ఒక మేడం నా మాట ఓపిగ్గా విన్నారు. ఏ గ్రూపైనా సరే, ప్లస్ టూ పాసైతే చాలన్నారు. పద్మ మార్కులు చెబితే మేడం ముఖం వెలిగింది. నా మార్కులకు అలా వెలగలేదు. మీ చెల్లెల్ని తప్పకుండా తీసుకురా అన్నారు. అది విన్నప్పుడు నాలో ఏదో మూసుకుపోయింది. ఇక్కడ కూడానా? ఇంకా పద్మ అడుగైనా పెట్టలేదే!

ఇంటికి రాగానే పద్మ ఒడినిండా పూలతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమన్నారక్కా? ఎప్పుడు రమ్మన్నారు?"

"నన్ను రమ్మన్నారు."

"మరి నన్ను?"

"ప్లస్ టూలో లెక్కలు ఉండాలంట పద్మా. లెక్కలు లేకపోతే చేర్చుకోరంట."

"నా మార్కులు చెప్పినావా?"

"చెప్పినాను. ఎన్నున్నా కుదరదన్నారు."

ఆమె నన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే నేను బతికిపోయేదాన్ని. ఒడిలో పూలు సర్దుకుని, "పోనీలేక్కా, నువ్వన్నా పో. ఆడ చెప్పేదంతా వచ్చి నాకు చెప్పు" అంది. చిన్నాయన కూడా, పాప పోయి కనుక్కొని వచ్చింది కదా అని ఇంకెవరినీ అడగలేదు. అడగడానికి మాకు ఎవరున్నారు?

మొదటి క్లాసులోనే లెక్కలు చదవనివాళ్లు చేతులెత్తమన్నారు. సగానికి పైగా చేతులు లేచాయి. భయపడొద్దు, కావలసినంత మేమే నేర్పుతామన్నారు. సీట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ శనివారం హాస్టల్ నుంచి ఇంటికెళ్లి చెబితే సరిపోయేది. కానీ చెప్పాలంటే అబద్ధమాడానని చెప్పాలి. వచ్చే వారం చెబుదాం అనుకున్నాను. తరువాతి వారం కూడా అలాగే అనుకున్నాను.

ఆమె ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు. ప్రైవేటుగా ప్లస్ టూ లెక్కల పరీక్ష రాసి, మరుసటి ఏడు చేరతానంది. పగలంతా తోటపని, సాయంత్రం అరుగు మీద లెక్కల పుస్తకం. శనివారాల్లో నేనే నేర్పాలి. అవసరమే లేని లెక్కలు, నాకే సరిగా రాని లెక్కలు! ఆమె తప్పు చేసి తల కొట్టుకుంటుంటే నేను పక్కనే కూర్చుని దిద్దేదాన్ని. ఎలా కూర్చోగలిగాను? ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఒకసారి క్లాసులో చెప్పిన గిరాకీ గీత, సరఫరా గీత కాగితం మీద గీసి చూపించాను. "ఇది మన చామంతి కతే కదక్కా!" అని నవ్వింది. క్లాసులో మాకు వారం పట్టిన పాఠం అది.

సామల్పట్టి నుంచి వచ్చే నా కాలేజీ స్నేహితురాలు మా పూలతోట చూడాలని ఎంతో ఆశపడింది. ప్లస్ టూలో ఆమెదీ చరిత్ర గ్రూపే. పద్మతో ఆ ముక్క ఎక్కడ అంటుందోనని ఏవో సాకులు చెప్పి రానివ్వలేదు. మూడేళ్లూ ఎవరినీ ఇంటికి తీసుకెళ్లలేదు. పద్మ నుంచి తప్పించుకుందామని ఆ మాట అన్నాను. ఆమె లేని చోట కూడా ఆమె గురించే భయపడుతూ బతికాను.

పద్మ ఆ లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పింది. ఆ తరువాత మత్తూరు సంబంధం వచ్చింది. మంచివాడే. కానీ చదువు పోవడం కన్నా పెద్ద నష్టం ఒకటుంది. ఎవరైనా చదువు మాటెత్తితే, "నాకు బుర్ర లేదమ్మా, లెక్కలు ఎక్కలేదు" అనడం మొదలుపెట్టింది. నవ్వుతూనే అంటుంది. మా అందరిలో బుర్ర ఉన్నది ఆమెకొక్కదానికే.

నేను హోసూరులో ఎకనామిక్స్ టీచరునయ్యాను. చాలా ఏళ్లకు పద్మ తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పదో తరగతి అయిపోయిన పిల్ల, కళ్లు వాచేలా ఏడ్చి ఉంది.

"లెక్కల గ్రూపు వద్దంటుందక్కా. లెక్కలు లేకుంటే ఎకనామిక్స్‌లో చేర్చుకోరని నువ్వే చెప్పు."

పిల్ల నావైపు చూసింది. నేను పద్మవైపు చూడలేకపోయాను.

"లెక్కలు అక్కర్లేదు పద్మా. ఏ గ్రూపైనా చాలు."

"అట్లనా? ఎప్పుడు మార్చినారు?"

ఇంతకన్నా పెద్ద తలుపు దేవుడు కూడా తెరవలేడు. ఒక్క అడుగు వేస్తే చాలు.

"ఈ మధ్యనే" అన్నాను.

పద్మ పిల్ల తల నిమిరింది. "నీకన్నా కలిసొచ్చింది పో" అంది. తరువాత నా చేయి పట్టుకుని, నువ్వుండబట్టి తెలిసిందక్కా అంది. ఆ పిల్ల తనకిష్టమైన గ్రూపులోనే చేరింది. దాన్ని నా ఖాతాలో వేసుకునే ధైర్యం నాకు లేదు.

పద్మకు ఎందుకు చెప్పవు అంటారు. చెబితే తనకు బుర్ర ఉందని తెలుస్తుంది. అదే సమయంలో, పోయిందేమిటో కూడా తెలుస్తుంది. ఆమె బాధపడుతుందని ఆగుతున్నానా, నన్ను ఏ కళ్లతో చూస్తుందోనని ఆగుతున్నానా? రెండోదే. ఇన్నాళ్లూ మొదటిదని నాకు నేను చెప్పుకున్నాను.

క్షమించమని అడగను. అడగవలసింది మిమ్మల్ని కాదు. ఎవరూ ఏదీ మార్చలేదు. అలాంటి నిబంధన ఆ కాలేజీలో ఏనాడూ లేదు. దాన్ని కృష్ణగిరి బస్సులో కూర్చుని నేనే పుట్టించాను. ఇన్నేళ్లలో ఈ మాట బయటికి రావడం ఇదే మొదటిసారి. ఊపిరి కొంచెం ఆడుతోంది.