నోరు తెరిచిన పిట్టలు

అప్పుడే గుడ్డు పగలగొట్టుకుని బయటపడ్డ కౌజుపిట్ట పిల్ల బొటనవేలంత కూడా ఉండదు. నీళ్ల గిన్నెలో పడితే మునిగిపోతుందని, వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఆవిడ గిన్నె నిండా గోళీలు వేసేది. ముందుగదిలో ఆమె కుట్టుమిషను. వెనకగదిలో గుడ్లు పొదిగే పెట్టె, పక్కనే బల్బు వేలాడే పిల్లల గూడు. ఆ గది వెచ్చగా ఉంటుందని అత్తగారు మంచం అక్కడే వేయించుకుంది.

"పిట్టల గోలలో నిద్ర పడుతుందా అత్తయ్యా?" అని అడిగితే, "పోయిన మీ మామగారి గురక ముందు ఇదెంతే?" అనేది.

ఒకనాటి పొద్దున ఆ గోల లేదు. టైలరమ్మ గూట్లోకి వంగి చూసింది. పిల్లలు మెడలు చాచి, నోళ్లు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాయి, చప్పుడు మాత్రం రావడం లేదు. మూలన కొన్ని కాళ్లు చాపుకుని పడున్నాయి. కిందటి వారమే ఊరి చివర కోళ్లఫారానికి తెల్ల ముసుగులవాళ్లొచ్చి, ఉన్న కోళ్లన్నిటినీ గోతిలో పూడ్చిపోయారు. బర్డ్ ఫ్లూ అన్నారు.

చచ్చినవాటిని పాత గుడ్డలో చుడుతుంటే వెనక మంచం మీద అత్తగారు దగ్గింది.

"ఏంటత్తయ్యా?"

"ఏం లేదే, గొంతులో గరగర."

నుదురు తాకి చూస్తే పేలిపోతోంది. అదే చేత్తో ఇందాక పిట్టల్ని పట్టుకున్నానని గుర్తొచ్చి, నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి లాక్కుంది.

బస్సు డ్యూటీ దిగి వచ్చిన మొగుడు గొంతు తగ్గించి చెప్పాడు. "ఎవరితోనూ అనకు. ఒక్క పిట్టని కూడా మిగల్చరు."

"మరి అత్తయ్య?"

"అమ్మది మామూలు జలుబేలే."

అన్నాడే గానీ, తల్లిని గుమ్మం అవతల నుంచే పలకరించాడు. అది చూశాక టైలరమ్మ ఇంక అతన్ని అడగలేదు. పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

డాక్టరు ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చి, చచ్చిన పిల్లల్ని డబ్బాలో పెట్టుకుపోయాడు. వీధిలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. అత్తగారిని ఆసుపత్రిలో విడిగా ఒక గదిలో ఉంచారు, చూడ్డానికి ఎవర్నీ రానివ్వలేదు. టైలరమ్మ మిషను ముందు కూర్చుంటే చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసింది. అంతలో పొదిగే పెట్టెలో గుడ్లు చిట్లడం మొదలైంది. లోపల్నుంచి సన్నగా పిలుపులు. గోతిలోకి పోవడానికే పుడుతున్నాయనిపించి పెట్టె మీద దుప్పటి కప్పేసింది. మళ్లీ గాలాడదేమోనని తనే తీసేసింది.

మర్నాడు ఫోన్ మోగింది. ఎత్తడానికి చేతులు రాలేదు. మొగుడు ఎత్తి ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"బర్డ్ ఫ్లూ కాదమ్మా," అన్నాడు డాక్టరు. "గూట్లో వేసిన పొట్టు అడుగున తడిసి బూజు పట్టింది. ఆ బూజే పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయింది."

"మరి మా అత్తయ్య?"

"ఆవిడ సంగతి ఆసుపత్రివాళ్లే చెప్పాలి. ఆ బూజు మనుషులకూ మంచిది కాదు, ఆ గదిలో మాత్రం ఇంక పడుకోనివ్వకండి."

టైలరమ్మ నేల మీద చతికిలబడింది.

పొట్టంతా తగలబెట్టి గూడు కడిగారు. జబ్బుపడ్డ పిల్లల్లో చాలామటుకు దక్కలేదు. కొత్తగా పుట్టినవాటిని వేరే పెట్టెలో, పాత కాగితాల మీద వేశారు. అత్తగారి ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందని మందులిచ్చి కొన్నాళ్లకు పంపించారు. సగమై వచ్చింది. వస్తూనే తన మంచం వెనకగదిలో వేయమంది.

"కుదరదత్తయ్యా. ఇక్కడ నా పక్కనే పడుకో."

"పిట్టలపాటి చెయ్యనా నేను?"

"వాటి దగ్గరికి నేనే ముక్కుకు గుడ్డ కట్టుకుని పోతున్నా."

ఆవిడ మూతి ముడుచుకుంది గానీ ఎదురు చెప్పలేదు.

ఆ తర్వాతొకరోజు, ముగ్గురూ అన్నం తింటుండగా మొగుడు గట్టిగా తుమ్మాడు. అత్తాకోడళ్లిద్దరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి.

"దుమ్ము," అన్నాడతను.

అత్తగారు తన కంచం తీసుకుని గుమ్మం అవతలికి జరిగి కూర్చుంది.